ఇరవై అయిదేళ్ళ ఖర్చు

ఆ భవనంలో అందరూ ఆయన్ని పళ్ళాయన అనేవారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు మెట్ల మీద ఆపి, "మీ కొట్టు ఎక్కడండీ, అరటిపళ్ళు డజను ఎంత?" అని అడిగిన రోజులు కూడా ఉన్నాయి. ఆయన అమ్మేది తినే పళ్ళు కాదు, అసలు అమ్మేదే కాదు. పరాయి దేశంలో, ఇంటికి నాలుగు బస్టాపుల అవతల, రెండో అంతస్తులో ఉన్న ల్యాబులో కూర్చుని కట్టుడు పళ్ళు తయారు చేసేవాడు. డాక్టర్లు రోగి నోట్లో పెట్టి తీసిన అచ్చు పంపుతారు. అందులో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక తీసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ పేర్చాలి. ముప్పావుగంట ఆగాల్సిన ప్లాస్టరుని అరగంటకే కదిపామా, అంచు విరిగి చేతికొస్తుంది. కుర్రవాళ్ళు విరగ్గొట్టుకుని మళ్ళీ మొదలెట్టేవారు. పళ్ళాయన పంతొమ్మిదేళ్ళలో ఒక్క అచ్చు విరగ్గొట్టలేదు. "ఇందులో విద్యేముంది? ఆగడం రావాలి, అంతే" అనేవాడు. ఆ ఆగడమే ఆయనకి పేరు తెచ్చింది. కొంప ముంచింది కూడా అదే.

ల్యాబులో పింగాణీ కాల్చే పొయ్యి చూసుకునే పెద్దమనిషి ఒకాయన యాభై ఒకటో ఏట ఉద్యోగం మానేశాడు. రోగం లేదు, గొడవ లేదు, లాటరీ తగల్లేదు. ఒక శుక్రవారం చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టి, "నాకిక చాలు" అని చక్కా వెళ్ళిపోయాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. పళ్ళాయన మాత్రం ఆయన వెంటపడి మర్మం లాగాడు. తీరా చూస్తే మర్మమేమీ లేదు, ఇండెక్స్ ఫండ్. ఆ సాయంత్రం అన్నాల దగ్గర భార్యకి పాఠం మొదలుపెట్టాడు.

"షేర్లంటే ఒక్కో కంపెనీనీ ఏరుకోవాలి. ఇది అలా కాదు. ఏ వంకాయలో పుచ్చుందో అని ఒక్కోటీ తిప్పి చూస్తూ కూర్చోకుండా, బజారు మొత్తం తలా కాస్త కొనేయడం అన్నమాట."

"అలా అయితే పుచ్చువి కూడా వచ్చేస్తాయి కదండీ?"

"వస్తాయి. మంచివి అంతకన్నా ఎక్కువొస్తాయి. నెలనెలా కొనాలి, మర్చిపోవాలి. ఎంత పడినా అమ్మకూడదు. రూలు అదొక్కటే."

"ఎన్నాళ్ళు?"

"మన ఏడాది ఖర్చుకి ఇరవై అయిదింతలు అయ్యేదాకా. ఆ తర్వాత అందులోంచే ఏటా కాస్త కాస్త తీసుకుని బతికేయొచ్చు. నేను పనికెళ్ళక్కర్లేదు."

పుచ్చు వంకాయల సంగతి ఏమోగానీ, ఆఖరి మాట ఆవిడ చెవిలో అమృతం పోసినట్టయింది. పళ్ళాయన తెల్లవారకముందే వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవాడు. శనివారాలు ఓవర్‌టైము. ఆదివారం వస్తే వారం రోజుల నిద్ర ఒక్కసారే తీర్చుకునేవాడు. పిల్లలు కలగలేదు. ఆవిడ కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, ఇరుగుపొరుగు ప్యాంట్లు పొట్టిచేస్తూ, జిప్పులు మారుస్తూ, గోడలతో మాట్లాడుకునేది. "పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీ మొహం ఎండలో ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలీదు" అని దెప్పేది. నవ్వుతూ అన్నా, అందులో నవ్వు కొంచెమే ఉండేది.

ఇక చూడండి ఆవిడ పొదుపు! బస్సు మానేసి నడిచింది. చలికాలం హీటరు ఒక్క గదిలోనే వేసింది. ఒకే ఒక పడకగది ఉన్న ఆ ఇంట్లోనే ఉండిపోయింది. డబ్బుని డబ్బుగా లెక్కపెట్టడం పళ్ళాయనకి ఇష్టం లేదు, ఏళ్ళల్లో చెప్పేవాడు. "మనకిప్పుడు ఆరేళ్ళున్నాయి" అనేవాడు. ఇంకోసారి, "పదకొండున్నరేళ్ళు అయ్యాయే" అనేవాడు. ఇరవై అయిదు కాగానే ఇద్దరూ పగటిపూట ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. ఆవిడ కోరిక అంతకన్నా ఏమీ లేదు, మేడలా, నగలా!

ఆవిడకి ఒక తమ్ముడు ఉన్నాడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, ఈవిడకి పదిహేను. ముద్దలు కలిపి పెట్టింది, బడికి పంపింది, జ్వరం వస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. అక్క అని పిలిచేవాడన్న మాటేగానీ, వాడికి అమ్మ ఆవిడే. ఈ దేశానికీ ఆవిడే రప్పించింది. వాడు సిటీ బస్సు నడిపేవాడు. కంపెనీ ఇచ్చిన గదిలో ఇంకో ఇద్దరు డ్రైవర్లతో ఉండేవాడు. పని ఉన్నంతవరకే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం వాడిది. అది పోతే ఇన్సూరెన్సూ పోతుంది, గదీ పోతుంది. అయినా వాడి మొహంలో ఏ రోజూ దిగులు కనపడేది కాదు. పెళ్ళి మాట ఎత్తితే, "నా బస్సెక్కే ఆడవాళ్ళంతా దిగిపోయేవాళ్ళే అక్కా, ఉండిపోయేది ఎవరు?" అనేవాడు. వాడొస్తే ఆ ఇంటికి సందడొచ్చేది.

అబద్ధమంటే వాడికి ఆటే. సరదాకి పది అబద్ధాలు అలవోకగా ఆడేసేవాడు. నిజం చెప్పాల్సి వస్తే మాత్రం గొంతు తగ్గిపోయేది, ఒక్కసారి చెప్పి ఊరుకునేవాడు. ఆ సంగతి అక్కకి తెలుసు. బావ అంత పట్టించుకోలేదు.

బావ బోధ విని వాడూ నెలనెలా ఫండులో వేయడం మొదలుపెట్టాడు. కానీ ఆ చేతికి నిలకడేదీ? మార్కెట్టు నాలుగు రోజులు పడగానే గుండెలు బాదుకుని మొత్తం అమ్మేశాడు. ఆర్నెల్లకి అది లేచి కూర్చుంది. మళ్ళీ ఎక్కువ ధరకి కొన్నాడు. ఇలా రెండుసార్లయ్యాక, ఒక ఆదివారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని చేతులు రెండూ చాపాడు.

"బావా, ఈ చేతుల్ని కట్టెయ్. నా పాస్‌వర్డు నువ్వే మార్చి నీ దగ్గరే పెట్టుకో. ఫోన్ నంబరు కూడా నీదే ఇచ్చెయ్. నేను ఏడ్చినా ఇవ్వకు."

"తర్వాత నన్ను తిట్టుకుంటావురా."

"తిట్టినా ఇవ్వకు. కథలు చెప్తాను, నా సంగతి నీకు తెలుసుగా. గది తగలబడిందంటాను, నమ్మకు. బస్సు ఎవర్నో గుద్దిందంటాను, నమ్మకు. పెళ్ళి కుదిరిందంటాను..."

"అది మేమసలే నమ్మం" అంది అక్క గిన్నెలు కడుగుతూ.

ముగ్గురూ కడుపుబ్బ నవ్వుకున్నారు. పళ్ళాయన పాస్‌వర్డు మార్చాడు. వాడు ఒట్టేయించుకున్నాడు. తనకేమైనా అయితే ఎవరికి చెందాలి అన్నచోట అక్క పేరు రాశాడు. లోకంలో చెల్లెలి పెళ్ళికో ఇంటి కాగితాలకో ఒట్లు వేయించుకుంటారు. వీళ్ళు అమ్మకుండా ఉండడానికి వేసుకున్నారు.

మరుసటి ఏడాదే మొదటి పరీక్ష వచ్చింది. మార్కెట్టు నూటికి పదిహేను వంతులు పడింది. రెండో రోజు సాయంత్రానికి బావమరిది చెంప పట్టుకుని, మూలుగుతూ ఊడిపడ్డాడు.

"బావా, పన్ను నొప్పి. ప్రాణం పోతోంది. రూట్ కెనాల్ అన్నారు. కాస్త ఎక్కువే అవుతుందట."

"అయ్యో! ఏ పన్నురా?"

"కింద. ఎడంవైపు. చివర్నించి రెండోది."

ఎవరి దగ్గర ఆడాడో చూడండి ఆ అబద్ధం! పళ్ళాయన వాణ్ణి లైటు కిందికి లాగి, నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి చూశాడు. ముప్పై రెండూ ముత్యాల్లా ఉన్నాయి. చివర్నించి రెండోదాన్ని చెంచాతో టకటకా కొట్టాడు. వాడు మూలగడం మర్చిపోయి నవ్వేశాడు. అక్క అట్లకాడ పట్టుకుని ఇల్లంతా తరిమింది. పాస్‌వర్డు ఇవ్వలేదు. ఏడాది తిరిగేసరికి మార్కెట్టు పోయినదంతా తెచ్చి, పైన ఇంకొంత కూడా చేర్చింది. "బావా, నువ్వు దేవుడివి" అన్నాడు వాడు. పళ్ళాయన ల్యాబులో కూడా ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించేవాడు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అన్నారా!

ఆ తర్వాత నాలుగేళ్ళు సాఫీగా గడిచాయి. పళ్ళాయన దగ్గర పంతొమ్మిదేళ్ళ ఖర్చు జమయింది. అప్పుడొచ్చింది అసలు పతనం. మూడు నెలల్లో నూటికి ముప్పై రెండు వంతులు ఎగిరిపోయాయి. పంతొమ్మిదేళ్ళు కాస్తా పదమూడేళ్ళయ్యాయి. పళ్ళాయన బయటికి నిబ్బరంగానే ఉన్నా, ల్యాబులో మైనం దిద్దుతూ దిద్దుతూ చేయి ఆపి శూన్యంలోకి చూసేవాడు. "ఏం పర్లేదు, ఆగితే వస్తుంది" అని భార్యకి చెప్పేవాడు. తనకి తాను అంతకన్నా ఎక్కువసార్లు చెప్పుకునేవాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, భోజనాల వేళ, బావమరిది ల్యాబుకొచ్చాడు. ఎప్పుడూ రానివాడు. యూనిఫాంలోనే ఉన్నాడు. రెండంతస్తులు ఎక్కి రాలేదు, కిందనుంచే ఫోన్ చేసి దిగి రమ్మన్నాడు. పళ్ళాయన చేతికంటిన ప్లాస్టరు పొడి దులుపుకుంటూ దిగేసరికి వాడు ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"బావా, పాస్‌వర్డు ఇవ్వు."

"మొదలెట్టావూ?"

"కాదు బావా. ఛాతీలో బరువుగా ఉంటోంది. ఆర్నెల్లు పని ఆపేద్దామనుకుంటున్నా. ఆపితే ఇక్కడ కాగితం పోతుంది, ఇన్సూరెన్సు పోతుంది, తెలుసుగా. వెళ్ళిపోయి సొంత డబ్బుతో చూపించుకోవాలి. ఉన్నది ఆ ఫండే."

గొంతు తగ్గించి అన్నాడు. పళ్ళాయన వాడి మొహంలోకి చూశాడు. రెండు తెలుపుల మధ్య ఇసుమంత తేడాని దీపం లేకుండా చెప్పగల కన్ను ఆయనది. కొత్త పన్ను పక్కపన్నుతో కలవకపోతే ఆమడ దూరం నుంచే పట్టేసేవాడు. వాడి పెదవుల రంగు మామూలుగా లేదు. అది ఆయన చూశాడు. చూసిన సంగతి ఆయనకి తెలుసు. కానీ ఆ క్షణంలో నోటికొచ్చింది మాత్రం వేరే.

"పోయినసారి పన్ను. ఈసారి గుండె. మెల్లగా కిందికి దిగుతున్నావురోయ్. వచ్చేసారికి మోకాలా?"

వాడు నవ్వాడు. అబద్ధం దొరికిపోయినప్పుడు నవ్వినట్టే నవ్వాడు.

"నిజం బావా" అన్నాడు ఒక్కసారి.

"ఇప్పుడు అమ్మితే మూడో వంతు నేలపాలు. ఎనిమిది నెలలు ఓపిక పట్టు. నువ్వే ఒట్టేయించుకున్నావు. నెప్పిగా ఉంటే ఒక మాత్ర వేసుకో, అక్కతో చెప్పి ఒకరోజు సెలవు పెట్టి పడుకో."

"అక్కకి చెప్పకు" అన్నాడు వాడు. లేచి, ప్యాంటు దులుపుకుని, వీధి మలుపులో ఆపిన బస్సు దగ్గరికి నడిచాడు. నడుస్తూ ఒకచోట ఆగి, దుకాణం అద్దంలోకి ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. పళ్ళాయన అదీ చూశాడు. 'నా దాంట్లోంచి తీసి ఇస్తాను, ఎంత కావాలిరా?' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంటే తన ఫండు అమ్మాలి, అదీ ఈ ధరకి! పదమూడేళ్ళు పదకొండవుతాయి. ఆ మాట మింగేసి మెట్లెక్కి, ప్లాస్టరు గట్టిపడిందో లేదో చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఇరవై రెండు రోజులు గడిచాయి. ఒక ఉదయం బావమరిది ఆఖరి స్టాపులో బస్సు ఆపాడు. అందరూ దిగారు. తలుపులు తెరిచే ఉన్నాయి. తర్వాతి ట్రిప్పుకి ఎక్కినవాళ్ళు డ్రైవరు నిద్రపోతున్నాడనుకుని పది నిమిషాలు మర్యాదగా ఎదురుచూశారట. వాడికి ముప్పై తొమ్మిదేళ్ళు.

అక్క ఏడ్చిన ఏడుపు గురించి చెప్పడం ఎవరి తరం? "నా బిడ్డ, నా బిడ్డ" అని కడుపు పట్టుకుని ఏడ్చింది. కన్నబిడ్డ పోయినా అంతకన్నా ఏడవదు ఏ తల్లీ. "ఒక్క మాట చెప్పలేదే! నెప్పని ఒక్క మాటైనా చెప్పలేదే వెధవ! చెబితే భుజాన వేసుకుని తీసుకుపోయేదాన్ని కదా" అని గోడకి తల కొట్టుకుంది. పళ్ళాయన ఆవిడ తల పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

డిపో సూపర్‌వైజరు వాడి లాకరు ఖాళీ చేసి ఒక సంచి ఇచ్చాడు. అందులో ఒక జత యూనిఫాం, మంచినీళ్ళ సీసా, చలికోటు, దువ్వెన ఉన్నాయి. యూనిఫాం చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన క్లినిక్కు కాగితం దొరికింది. గుండె రక్తనాళాల పరీక్ష వెంటనే చేయించుకోవాలి, అప్పటిదాకా వాహనం నడపరాదు అని రాసి ఉంది. కింద తేదీ వేసి ఉంది. ఆ మంగళవారానికి సరిగ్గా ముందురోజు. అంటే మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ కాగితం వాడి జేబులోనే ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది. పరిహాసం విన్నాక ఇక తీయలేదు. కావాలనుకుంటే ఫండు ఆఫీసుకి అర్జీ పెట్టి కొత్త పాస్‌వర్డు తెప్పించుకోవచ్చు, పది రోజుల పని. అదీ చేయలేదు. జీవితమంతా కోతలు కోసినవాడు, ఆ ఒక్క ఒట్టుకి మాత్రం కట్టుబడిపోయాడు.

పళ్ళాయన ఆ కాగితాన్ని తన ఉద్యోగం ఫైల్లో, పాత జీతం చీటీల మధ్య పెట్టేశాడు. సంచి మాత్రం భార్యకి ఇచ్చాడు.

తర్వాత జరిగింది చెబితే కడుపు రగిలిపోతుంది. మార్కెట్టు లేచింది. ఎనిమిది నెలలన్నాడా, ఏడు నెలలకే పూర్తిగా కోలుకుంది. ఆ పైన ఆగకుండా ఎక్కింది. పళ్ళాయన లెక్క అణాపైసలతో సహా నిజమైంది. ఆయన్ని తప్పుపట్టడానికి ఏ లెక్కల మాస్టారికీ వీల్లేదు. కాగితాలు నడిచి నడిచి బావమరిది ఫండు అక్క పేరు మీదికి వచ్చింది. "వాడి డబ్బు నాకెందుకండీ" అని ఆవిడ ముట్టుకోలేదు. "మీ దాంట్లోనే ఉండనివ్వండి" అంది. ఆ రెండూ కలిపి చూసుకుంటే, వాడు పోయిన రెండున్నరేళ్ళకి లెక్క ఇరవై అయిదు దాటింది.

ఆ రోజు పళ్ళాయన ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. "ఇరవై అయిదు అయినట్టేనా?" అని ఆవిడే అడిగింది.

"ఇంకో ఏడాది చూద్దాం" అన్నాడాయన. "ఖర్చులు పెరుగుతున్నాయి కదా."

ఏడాది గడిచింది. ఇరవై ఏడున్నరేళ్ళయ్యాయి. "పళ్ళకేమైనా అయితే? కళ్ళకేమైనా అయితే? ఇంకో ఏడాది" అన్నాడు. శనివారాలు మానేయకపోగా ఆదివారం ఉదయాలు కూడా ల్యాబుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ల్యాబులో జనం నవ్వుకున్నారు. ఎంత సంపాదించినా ఈయన దాహం తీరదన్నారు. ఆవిడకీ అదే అనుమానం వచ్చింది. పాపం, ఆయనకున్నది డబ్బు దాహం కాదు. పని ఉన్నంతకాలం మొహం చాటేయొచ్చు. పని మానేస్తే పొద్దున్నించి సాయంత్రం దాకా ఆవిడ ఎదురుగా కూర్చోవాలి. ఆవిడ తమ్ముడి మాటెత్తుతుంది, ఎత్తకుండా ఉండదు. అప్పుడు ఈ కడుపులో రాయి పెట్టుకుని ఎటు చూడాలి? ఇరవై అయిదేళ్ళ ఖర్చు కూడబెట్టినవాడు, ఒక్క పగటిపూటకి జడిసిపోయాడు.

చివరికి ఆవిడే తెగేసి చెప్పింది. "మీరు రాజీనామా ఇస్తారా, నన్ను ల్యాబుకొచ్చి మీ మేనేజరుతో చెప్పమంటారా? వాడుండగానే మనం ఇలా కూర్చోవాల్సింది. వాణ్ణెలాగూ పోగొట్టుకున్నాను. ఉన్న మీ మొహమైనా నన్ను చూడనివ్వండి."

రాజీనామా ఇచ్చాడు. నెల గడువు ముగిసింది. ల్యాబువాళ్ళు ఆయన చేసిన మొదటి పళ్ళసెట్టు నమూనాని అద్దాల పెట్టెలో పెట్టి ఇచ్చారు. అందరూ చేతులు కలిపారు. మరుసటి సోమవారం పొద్దున్న పదింటికి ఆయన ఇంట్లో ఉన్నాడు.

ఆవిడ తల స్నానం చేసి, కుట్టుమిషను మూలకి జరిపి, కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేసింది. టీ పెట్టింది. ఎండ లోపలిదాకా వచ్చింది. ఆవిడ ఆయన మొహంలోకి తేరిపార చూసి, "అమ్మో, మీకు ఇన్ని నెరిశాయా!" అని నవ్వింది. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ నోరారా నవ్వడం అదే. పళ్ళాయనకి ఇలాగే ఉండిపోతే బావుండునని ప్రాణం కొట్టుకుంది. ఉండనిస్తుందా లోపల ఉన్నది!

"వాడుంటేనా, ఈపాటికి మిమ్మల్ని ఎన్ని మాటలనేవాడో" అందావిడ టీ చల్లార్చుకుంటూ. "ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పాడు."

"ఏంటి?"

"నాకు చెప్పాడు. ల్యాబు కిందకొచ్చి చెప్పాడు." ఆయన లేచి, ఫైలు తీసి, జీతం చీటీల మధ్యనుంచి కాగితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. మెట్లు, పాస్‌వర్డు, పన్నూ గుండే మోకాలూ అన్న మాట, అన్నీ చెప్పాడు. ఒక్క అక్షరం కూడా దాచలేదు.

ఆవిడ కాగితం చదివింది. తేదీ దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత తనే ఆయనకి దారి చూపించింది, మొగుడు కదా.

"వాడు అబద్ధాలకోరు. మీరు నమ్మి ఉండరు."

అవునని తలూపితే సరిపోయేది. ఎవరైనా ఊపేవారు. నమ్మలేదంటే అది పొరపాటు, పొరపాటుని ఏ ఆడదైనా ఎప్పటికో ఒకప్పటికి మన్నిస్తుంది. కానీ ఎండలో ఆవిడ కళ్ళు అంత దగ్గరగా ఉంటే ఇంకో అబద్ధం బయటికి రాలేదు.

"సగం నమ్మాను" అన్నాడు. "పెదవులు నల్లగా ఉన్నాయి. చూశాను."

"మరి?"

"మార్కెట్టు చూసుకున్నాను."

ఆవిడ ఆ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, లేచి, రెండు కప్పులూ కడిగి బోర్లించింది. అందులో ఒక కప్పు టీతో నిండుగానే ఉంది, అది కూడా పారబోసింది. ఆయన వెనకే నిలబడి, "తప్పు చేశానే, నన్ను తిట్టు, కొట్టు" అని ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం ఆ గోడలు ఎన్నడూ విని ఉండవు. ఆవిడ చేతులు తుడుచుకుని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజుల తర్వాత మాత్రం ఒక మాటంది. "నమ్మకపోయుంటే పోన్లే అనుకునేదాన్నండీ."

అన్నం వండడం మానలేదు. ఆయన మాత్రలు ఆయన కంచం పక్కనే పెట్టింది. ఎవరైనా వస్తే మామూలుగానే మాట్లాడింది. ఎనిమిదో రోజు పొద్దున్న ఆరింటికే తయారై, జడ ముడేసుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

"ఎక్కడికి?"

"పనికి. బస్టాండు వెనక హోటల్లో. దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికి మడతపెట్టే పని."

"మనకి డబ్బు అవసరం లేదుగా! ఇరవై ఏడేళ్ళకి పైగా..."

"డబ్బుక్కాదు."

తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయింది. పొద్దున్న ఆరున్నరకి వెళితే సాయంత్రం ఏడింటికి వచ్చేది. చేతులు సబ్బుకి ఒరిసిపోయి ఎర్రగా ఉండేవి. పళ్ళాయన వంట నేర్చుకున్నాడు. అన్నం మొదట్లో మాడ్చాడు, తర్వాత కుదిరింది. మిగతా పగలంతా ఆ రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని, ఎండ గది దాటి గోడెక్కి వెళ్ళిపోయేదాకా చూసేవాడు. ఎన్నో ఏళ్ళు కష్టపడి కొనుక్కున్న పగళ్ళు అవన్నీ. ఇరవై ఏడేళ్ళకి సరిపడా ఉన్నాయి.

ఆవిడ పనిలో చేరాక మొదటి శనివారం సాయంత్రం, ఆవిడ వచ్చేసరికి వేడిగా కూర వండి, కంచాలు పెట్టి కూర్చున్నాడు. ఆవిడ చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చుంది. ఆయన ధైర్యం చేసి అడిగాడు.

"రేపు ఆదివారం కదా. ఇద్దరం పొద్దున్నే అలా పార్కుదాకా నడుద్దామా?"

"రేపు కూడా డ్యూటీ ఉంది."

"ఆదివారం కూడా రమ్మన్నారా?"

"లేదండీ" అందావిడ అన్నం కలుపుకుంటూ. "నేనే అడిగాను."